ఏడికెల్లి ఏడు సారూ?

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఫోన్. సివిల్ ఫైనల్ ఇయర్ పిల్లలకి కమ్యూనికేషన్ స్కిల్స్ మీద గంటసేపు మాట్లాడాలట. అంతకుముందు వారం ఎవరొచ్చారని అడిగితే, ఒక సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్ వచ్చి షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, టై ఎలా కట్టుకోవాలి, 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే ఏం చెప్పాలి, ఇవన్నీ నేర్పి వెళ్ళాడన్నారు. టై! మే నెల ఎండలో మూడో అంతస్తు స్లాబ్ మీద నిలబడాల్సిన పిల్లాడికి టై!

వెళ్ళాను, మాట్లాడాను. గంట కొట్టేశారు కాబట్టి అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టే. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు నా సంగతి. 2003లో ఒంగోలు నుంచి హైదరాబాద్ వచ్చి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ సైట్‌లో జూనియర్ ఇంజనీరుగా చేరాను. డిస్టింక్షన్ పాసు. ఇంగ్లీషు బాగానే వచ్చు. చేరిన రెండో నెలలో గోడల పని మొదలైంది. మేస్త్రి వచ్చి "లింటెల్ ఎంతకి సార్?" అన్నాడు. లింటెల్ అంటే గుమ్మం పైన వేసే కాంక్రీటు దూలం, అది ఎంత ఎత్తులో రావాలని అతని ప్రశ్న. డ్రాయింగ్ చూసి "ఏడడుగులు" అన్నాను. "సరే సార్" అన్నాడు. అంతే, మాట్లాడుకోవడం అయిపోయింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమైంది. ఇద్దరం సంతోషంగా టీకి వెళ్ళాం.

డ్రాయింగ్‌లో ఉన్న ఏడడుగులు ఫ్లోరింగ్ పూర్తయ్యాక టైల్ మీద నుంచి. మేస్త్రి కొలిచింది ఉత్త స్లాబ్ మీద నుంచి. మధ్యలో ఇసుక, మాలు, టైలు కలిపి మూడంగుళాలు. ఆ మూడంగుళాల సంగతి నేను చెప్పలేదు, అతను అడగలేదు. ఆ అంతస్తులో పద్నాలుగు గుమ్మాలు. దర్వాజాలు (తలుపు బిగించే చట్రాలు) నిలబెట్టేటప్పుడు వడ్రంగి టేపు పట్టి చూసి, మళ్ళీ చూసి, ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నాడు. అప్పటికి పైన గోడలు లేచాయి, లింటెళ్ళు పగలగొట్టే వీలు లేదు. పద్నాలుగు దర్వాజాల కాళ్ళు మూడేసి అంగుళాలు కోశారు. తర్వాత తలుపులు కోశారు. ఫ్లష్ డోర్‌కి అడుగున గట్టి చెక్క పట్టీ ఒకటి ఉంటుంది, మూడంగుళాలు కోస్తే అది పోతుంది, లోపల నింపిన ముక్కలు బయటపడతాయి. పద్నాలుగు తలుపులకీ అడుగున కొత్త పట్టీలు దూర్చి, జిగురు పెట్టి, మేకులు కొట్టి, పైన రంగేసి కప్పెట్టారు. ఆ వడ్రంగి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పక్క బ్లాకులో పాలమూరు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. వేలిముద్ర మనిషి. సంగతి విని నవ్వి, "ఏడు ఫీట్లు అన్నవ్ మంచిగనే ఉంది. ఏడికెల్లి ఏడు సారూ?" అన్నాడు. ఎక్కడి నుంచి కొలిచిన ఏడు, అని.

నాలుగేళ్ళ బీటెక్‌లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సర్వేయింగ్‌లో బెంచ్‌మార్క్ గురించి, అంటే ఎత్తులన్నీ ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే గుర్తు గురించి, పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. లింటెల్‌కి కూడా ఒక బెంచ్‌మార్క్ ఉంటుందని తట్టలేదు.

ఇది పల్లెటూరి పిల్లాడు, చదువురాని మేస్త్రి కలిసి చేసిన తప్పు అనుకునేవాళ్ళ కోసం ఇంకోటి చెబుతా. జర్మనీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్య రైన్ నది మీద లౌఫెన్‌బర్గ్ అనే ఊరుంది. అటు ఒడ్డున అదే పేరు, ఇటు ఒడ్డున అదే పేరు, రెండు వైపులా మాట్లాడేది జర్మనే. 2003లో అక్కడ వంతెన కడుతున్నారు. ఎత్తులు లెక్కగట్టడానికి జర్మన్లు ఉత్తర సముద్రం మట్టం తీసుకుంటారు, స్విస్ వాళ్ళు మధ్యధరా సముద్రం మట్టం. రెండు లెక్కలకీ 27 సెంటీమీటర్లు తేడా. ఆ తేడా ఉందని రెండు పక్షాలకీ తెలుసు! సరిచేయాలనీ తెలుసు. సరిచేశారు కూడా, కాకపోతే కూడాల్సిన చోట తీసేశారు. 27 పోవాల్సింది 54 అయింది. ఒక ఒడ్డున కట్టింది ఇంకో ఒడ్డున కట్టినదాని కంటే 54 సెంటీమీటర్ల తేడాతో లేచింది. కట్టేటప్పుడే కనిపెట్టి సరిచేసుకున్నారు, అది వేరే సంగతి. నేను దర్వాజాలు కోయిస్తున్న సంవత్సరమే వాళ్ళకీ ఇది జరిగిందని చాలా ఏళ్ళ తర్వాత చదివి, నిజం చెప్పొద్దూ, కాస్త ఊరట కలిగింది.

అందుకే ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు కమ్యూనికేషన్ అంటే ఇంగ్లీషు అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంగ్లీషు వద్దనడం లేదు. కన్సల్టెంట్‌కి ఉత్తరం రాయాలి, కాంట్రాక్టు కాగితం చదవాలి, రేపు దుబాయో దోహానో వెళితే అదే అన్నం పెడుతుంది. కానీ సైట్‌లో ముందు రావాల్సింది కొలతల భాష. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంటుంది. తాపీ మేస్త్రి అడుగులు, అంగుళాల్లో మాట్లాడతాడు. స్థలం గజాల్లో, కాంక్రీటు క్యూబిక్ మీటర్లలో. రాడ్ల మేస్త్రి పాతవాడైతే సూత్రాల్లో చెబుతాడు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్రం. మన 10 ఎంఎం రాడ్డు ఆయనకి మూడు సూత్రాలు, 12 అయితే నాలుగు, 16 ఐదు, 20 ఆరు, 25 ఎనిమిది. ఇప్పుడు కొత్త కుర్రాడు వెళ్ళి "ఎనిమిది వెయ్యి" అన్నాడనుకోండి. కుర్రాడి మనసులో ఉన్నది చిటికెన వేలి కంటే సన్నటి 8 ఎంఎం రింగు రాడ్డు. ఆయన చెవికి వినిపించింది అంగుళం రాడ్డు. ఇద్దరూ పలికింది ఒకే తెలుగు మాట.

ఆ తెలుగు కూడా ఇప్పుడు సగమే పని చేస్తుంది. హైదరాబాద్ సైట్లలో సెంటరింగ్ (కాంక్రీటు పోసేందుకు అచ్చు బిగించే పని), రాడ్ల పని చేసేవాళ్ళలో బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ కుర్రాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. తూకం గుండు సాహుల్ అవుతుంది, మూలమట్టం గుణియా అవుతుంది, రాడ్డు సరియా, స్లాబ్ వేయడం ఢలాయీ. మన గుంటూరు, ప్రకాశం పిల్లలు మొదటి నెల మూగనోము పడతారు. ఈ మాటలు నూటయాభై కంటే ఎక్కువ ఉండవు. వారం చాలు. గ్రూప్ డిస్కషన్‌లో 'సోషల్ మీడియా వరమా శాపమా' అని అరుచుకునే టైమ్‌లో ఇవి నేర్పండయ్యా అంటే ప్రిన్సిపాల్ గారు నవ్వి ఊరుకున్నారు.

ఇక లెక్కలు. ఇక్కడే నాకు టెన్షన్ ఎక్కువ.

ఇంటర్వ్యూకి వచ్చిన వాళ్ళని నేను బెండింగ్ మూమెంట్ అడగను. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు, ఐదంగుళాల మందం, స్లాబ్‌కి కాంక్రీటు ఎంత కావాలి అంటాను. మొన్నొక అబ్బాయి ఫోన్ తీసి నొక్కి "మూడు వేలు సార్" అన్నాడు. మూడు వేలు ఏంటి నాన్నా? "క్యూబిక్ ఫీట్ సార్." నమ్మకంగా చెప్పాడు. ఇరవై ఇంటూ ముప్పై ఇంటూ ఐదు. ఐదు అంగుళాలన్న సంగతి ఫోన్‌కి తెలియదు కదా. అసలు రావాల్సింది 250 క్యూబిక్ ఫీట్, ఏడు క్యూబిక్ మీటర్ల చిల్లర. ఆ అబ్బాయి లెక్క ప్రకారం ఆర్డర్ పెడితే ఆరు క్యూబిక్ మీటర్లు పట్టే ట్రాన్సిట్ మిక్సర్లు, అంటే కాంక్రీటు మోసుకొచ్చే లారీలు, పదిహేను వరసగా వచ్చి గేటు దగ్గర తిరుగుతూ నిలబడతాయి. తప్పు చేసినందుకు నాకు బాధ లేదు. ఒక గది స్లాబ్‌కి పదిహేను లారీలు అన్నప్పుడు మనసులో ఎక్కడో 'ఇదేదో తేడాగా ఉందే' అని గుచ్చుకోవాలి. ఆ గుచ్చుకోవడం కాలిక్యులేటర్‌లో రాదు. పన్నెండు ఎంఎం రాడ్డు పన్నెండు మీటర్లది పది కిలోల పైచిలుకు ఉంటుందని డి స్క్వేర్ బై 162 (మీటరు రాడ్డు బరువు లెక్కగట్టే సూత్రం, డి అంటే ఎంఎంలలో రాడ్డు మందం) వేసి చెప్పేవాళ్ళున్నారు. దాన్ని ఒక్కసారైనా భుజాన ఎత్తినవాళ్ళు వందలో ఎందరో చెప్పలేను.

డ్రాయింగ్ చదవడం సంగతి చెప్పక్కర్లేదు. ఫస్టియర్‌లో గాజు కింద లైటు పెట్టి సీనియర్ షీట్లు ట్రేస్ చేసినవాళ్ళమే అందరం, నేనూ ఆ తాను ముక్కనే. దాని ఫలితం ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

వాట్సాప్ వచ్చాక ఇంకో రోగం. పొద్దున్నుంచి సైట్ గ్రూపులో నలభై ఫొటోలు. ఒక రాడ్డు ఫొటో, కింద 'డన్ సార్', బొటనవేలు. ఏ బ్లాకు? ఏ అంతస్తు? ఏ కాలమ్? రింగుల దూరం ఎంత పెట్టారు? టేపు పెట్టి తీసిన ఫొటో ఒక్కటి ఉండదు. మా దగ్గర ఒక డిప్లొమా కుర్రాడు మాత్రం ఇలా పెడతాడు: 'బి బ్లాక్, నాలుగో ఫ్లోర్, సి5 కాలమ్. రింగులు 6 అంగుళాలకి కావాలి, మధ్యలో మూడు చోట్ల 8 ఉన్నాయి. మేస్త్రికి చెప్పా, సాయంత్రం నాలుగుకి మళ్ళీ చూస్తా. డ్రాయింగ్ ఆర్3.' స్పెల్లింగ్ తప్పులుంటాయి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాడు. వాడి మెసేజ్ చదివితే ఆ కాలమ్ దగ్గరికి వెళ్ళి వచ్చినట్టుంటుంది. చివర్లో ఆ 'ఆర్3' చూశారా? మూడోసారి సవరించిన డ్రాయింగ్ అని. పాత డ్రాయింగ్ ఫోన్‌లో పెట్టుకుని పని చేయించేసిన మహానుభావులు ఎంతమంది ఉన్నారో మాకే తెలుసు.

చెడ్డ వార్త చెప్పడం మాత్రం ఏ క్లాసులోనూ ఉండదు. పోయినేడు ఒక స్లాబ్ వేసిన తొమ్మిదో రోజు పొద్దున్నే సెంటరింగ్ వాళ్ళు ప్రాపులు (స్లాబ్ కింద ఆసరాగా నిలబెట్టే కాళ్ళు) ఊడదీస్తున్నారు, పై అంతస్తుకి కావాలని. ఆసరాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబ్‌కి మామూలుగా 14 రోజులు ప్రాపులు కదపకూడదని ఐఎస్ 456లో, అంటే కాంక్రీటు పనికి మన దేశపు కోడ్‌లో, ఉంది. అది ఆరు మీటర్ల స్లాబ్. మా కొత్త ట్రైనీ అక్కడే నిలబడి చూస్తున్నాడు. కోడ్ వాడికి కంఠతా వచ్చు, తర్వాత అడిగితే గడగడా చెప్పాడు. మరి ఆపలేదేం రా అంటే, "మీరు చెప్పే ఉంటారనుకున్నా సార్" అన్నాడు. ఈ 'అనుకున్నా సార్' వినని వారం లేదు. అదృష్టం బాగుండి నేను వెళ్ళేసరికి రెండు వరసలే తీశారు, తిరిగి బిగించాం.

అయితే ఆ పిల్లాడిని అనే ముందు నన్ను నేను అనుకోవాలి. అంతకు వారం ముందు వాడు ఏదో అడిగితే పదిమంది కూలీల ముందు "అది కూడా తెలీదా? ఏం చదివావ్ రా నాలుగేళ్ళు?" అని కేకలేశాను. ఆ రోజు నుంచి వాడు అడగడం మానేశాడు. మా సీనియర్లు మమ్మల్ని అలాగే తిట్టారు, మేం వీళ్ళని తిడుతున్నాం, అత్త తిట్టిందని కోడలు వచ్చి తన కోడల్ని తిట్టినట్టు. కాలేజీలనే అంటే సరిపోదు.

ఆ పాలమూరు మేస్త్రి దగ్గర ఒక అలవాటు ఉండేది. మనం చెప్పిందంతా వింటాడు. 'సరే' అనడు. కింద పడున్న రాడ్డు ముక్క తీసి ఇసుకలో గీస్తాడు. ఇదీ బీము, ఇక్కడ రెండు రాడ్లు, ఇక్కడ ఇంకో రెండు, ఇక్కడికెల్లి వంపు, గిట్లనే గద సారూ? అని మన చేత ఔననిపించుకున్నాకే లేస్తాడు. ఎన్నోసార్లు ఆ గీత చూశాకే నా తప్పు నాకు కనబడింది. సంతకం పెట్టలేని మనిషి. నేను చూసినవాళ్ళలో ఆయన్ని మించిన కమ్యూనికేటర్ లేడు. 1998లో పెట్టిన నాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) వాళ్ళు మాదాపూర్ ప్రాంగణంలో తాపీ పట్టేవాళ్ళకీ, ఇంజనీర్లకీ శిక్షణ ఇస్తున్నారు. సెలవుల్లో అలాంటి చోటికి పోయి ఒక్క వారం తాపీ పట్టండి అన్నాను కాలేజీలో. వెనక బెంచీలో ఎవరో "సర్టిఫికెట్ ఇస్తారా సార్?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ నెలలో మా దగ్గర కొత్తమ్మాయి ఒకరు చేరింది, నల్గొండ వైపు. వంటింటికీ, పక్కన గిన్నెలు తోముకునే యుటిలిటీకీ మధ్య గోడలో కిటికీ ఉంది. కిటికీ అడుగు మూడున్నర అడుగుల ఎత్తులో రావాలని డ్రాయింగ్. "ఏ ఫ్లోర్ నుంచి సార్? వంటిల్లు పైన, యుటిలిటీ రెండంగుళాలు కింద" అంది. "లోపలి నుంచే అమ్మా, అది కూడా..." అనబోయి నాలుక కరుచుకున్నాను. డ్రాయింగ్ తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా రాయలేదు. గ్రానైట్ గట్టు, దాని మీద టైలు, అన్నీ ఆ కిటికీ ఎత్తుతోనే ముడిపడి ఉన్నాయి. ఆర్కిటెక్ట్ ఆఫీసుకి మెయిల్ పెట్టించాను, ఆ అమ్మాయి చేతే.

నాలుగు రోజులైంది. ఇంకా జవాబు లేదు. ఆ ఒక్క గోడా మొండిగా నిలబడి ఉంది. పనాపారని మేస్త్రి రోజూ పొద్దున్నే వచ్చి నన్ను తిట్టిపోతున్నాడు.