34–32: స్టాంపు మీద కనపడని లెక్క

అమెరికా రాజ్యాంగానికి 200 ఏళ్ళు నిండినప్పుడు అక్కడి పోస్టల్ సర్వీస్ 1987 నుంచి 1990 దాకా 13 స్టాంపులు తెచ్చింది, మొదట్లో ఉన్న 13 రాష్ట్రాలకి ఒక్కోటి చొప్పున. ఒక్కోదాని మీద రాష్ట్రం పేరు, ఆ రాష్ట్రం రాజ్యాంగానికి ఓకే చెప్పిన తేదీ, ఓ బొమ్మ. మొదటి ఏడు 22 సెంట్లవి, 1988 ఏప్రిల్లో పోస్టు రేటు పెరిగింది కాబట్టి మిగతా ఆరు 25 సెంట్లవి.

బొమ్మలు చాలా బాగుంటాయి, పెన్సిల్వేనియాకి ఇండిపెండెన్స్ హాల్, సౌత్ కరోలినాకి తాటి జాతి చెట్లు. కానీ 13 పక్కపక్కన పెట్టి చూస్తే అందరూ వరసగా వచ్చి సంతోషంగా సంతకం పెట్టి వెళ్ళినట్టు అనిపిస్తుంది, నాకు బాధ కలిగించేది అదే. ఎందుకంటే అసలు కథ అలా జరగలేదు. రాష్ట్రాల సభల్లో అవునన్నవాళ్ళు, కాదన్నవాళ్ళ ఓట్లు చూడండి: మసాచుసెట్స్‌లో 187–168, వర్జీనియాలో 89–79, న్యూయార్క్‌లో అయితే 30–27, అంటే ఇద్దరు అటు నుంచి ఇటు మారి ఉంటే పోయేదే. నార్త్ కరోలినా 1788లో పౌర హక్కుల జాబితా ఏదీ, అది లేకుండా ఎలా ఒప్పుకుంటాం అని ఆగిపోయింది, మళ్ళీ 1789 నవంబర్లో గానీ ఊ అనలేదు. ఇలా అడ్డం తిరిగినవాళ్ళ వల్లే కదా పౌర హక్కుల్ని రాజ్యాంగంలో చేర్చిన ఆ మొదటి పది సవరణలు వచ్చింది! స్టాంపు మీద మాత్రం వాళ్ళ జాడే లేదు.

రోడ్ ఐలాండ్ సంగతి ఇంకా గట్టిది. రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభకి మనిషినే పంపలేదు, 1788లో జనం ఓటేసి వద్దన్నారు, చివరికి 1790 మే 29న 34–32తో గట్టెక్కింది. దాని స్టాంపు మీద స్లేటర్ మిల్లు వేశారు, అది కట్టిందేమో 1793లో, అంటే ఆ ఓటింగ్ నాటికి ఆ మిల్లే లేదు.

మన దగ్గర రాష్ట్రాలు విడివిడిగా ఓటేసి ఆమోదించే పద్ధతి లేదు, రాజ్యాంగ సభే ఆమోదించింది, అందుకే మనకి ఇలాంటి సిరీస్ వచ్చే అవకాశమే లేదు. వాళ్ళకి ఉంది, అందుకే నా మాట ఏంటంటే, తేదీ పక్కన ఓట్ల లెక్క కూడా వెయ్యాల్సింది. రెండు అంకెలే, చోటు ఎంత పడుతుంది?

న్యూ హాంప్‌షైర్ స్టాంపు మీద కొండ అంచున మనిషి ముఖంలా కనపడే రాయి ఉంటుంది. రాజ్యాంగం అమల్లోకి రావడానికి కావాల్సిన తొమ్మిదో రాష్ట్రం అదే, 57–47. ఆ రాయి 2003 మేలో కూలిపోయింది, ఇప్పుడు అక్కడ చూడ్డానికి ముఖం లేదు. ఆ 57–47 మాత్రం అలాగే ఉంది.