ఈ డిసెంబర్‌లో నేను మానుకుంటున్న పనులు

డిసెంబర్ సగం దాటేసరికి మనలో చాలామంది వచ్చే ఏడాది కొత్తగా మొదలుపెట్టవలసిన పనులన్నీ రాసుకుంటారు. ఉదయపు నడక, ఇంకో కోర్సు, నెలకో పుస్తకం అంటూ నేనూ చాలా ఏళ్లు అలాగే రాసుకున్నాను. ఈసారి మాత్రం మానుకోవలసిన పనులు రాసుకున్నాను. అవేమీ చెడ్డ అలవాట్లు కావు. నలుగురూ మెచ్చుకునే మంచి పనులే. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం నేను ఇష్టపడి ఒప్పుకున్నవి కావు, మొహమాటపడి ఒప్పుకున్నవి.

ఈ ఆలోచన నాకు మా నాన్నగారి వంటింటి గోడ దగ్గర వచ్చింది. ఆయన హైదరాబాద్‌లోని చిక్కడపల్లిలో ఒక్కరే ఉంటారు. వయసు ఎనభై దాటింది. మొన్న ఆదివారం కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన కొత్త క్యాలెండర్ తగిలిద్దామని పాతది తీశాను. పాల ప్యాకెట్ రాని రోజున సున్నా చుట్టడం, సిలిండర్ వచ్చిన రోజున 'గ్యాస్' అని రాయడం, బీపీ మాత్రలు తెచ్చుకున్న తేదీ కింద గీత గీయడం ఆయనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. వాటి మధ్య అక్కడక్కడ ఆకుపచ్చ సిరాతో 'అమ్మాయి' అని కనిపించింది. అవి నేను వెళ్లిన రోజులు. పన్నెండు కాగితాలూ తిప్పి లెక్కపెట్టాను. ఏడుసార్లు ఉంది. ఏప్రిల్, మే కాగితాల్లో ఒక్కసారి కూడా లేదు. ఆయన నన్ను ఏనాడూ నిలదీయలేదు, ఆ రోజూ ఏమీ అనలేదు; "పాతది పారేయకమ్మా, పాల లెక్క చూసుకోవాలి" అన్నారంతే.

మేముండేది అదే ఊళ్లో, కేపీహెచ్‌బీ కాలనీలో. మెట్రో ఎక్కి ఎంజీబీఎస్ స్టేషన్‌లో రైలు మారితే చిక్కడపల్లికి గంట ప్రయాణం. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ మధ్య మెట్రో మొదలైనప్పుడు, ఇక ప్రతి వారం వస్తానని ఆయనకు మాట ఇచ్చింది నేనే. కాబట్టి దూరం మీద నెపం వేయలేను. ఏడాదిలో వచ్చిన యాభై రెండు ఆదివారాల్లో మిగిలినవి ఎటు పోయాయో ఆ రాత్రి కూర్చుని గుర్తు చేసుకున్నాను. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మూడేళ్లుగా కోశాధికారిని. ఈ వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకున్న రెండు నెలలూ ఆదివారాలన్నీ ఆ లెక్కలకూ, ఎవరి వాటా ఎంత అన్న తగవులకూ సరిపోయాయి. కాలేజీ పాత విద్యార్థుల కలయికకు ఏర్పాట్లు చూడమంటే కాదనలేక కొన్ని వారాలు ఇచ్చాను. ఇక ఫంక్షన్లు: ఒకరిది శంషాబాద్ వైపు కన్వెన్షన్ హాల్లో ఓణీల వేడుక, ఇంకొకరిది కొంపల్లి దాటాక గృహప్రవేశం. వెళ్లి, వేదిక ముందు వరుసలో నిలబడి, ఫోటో దిగి, భోంచేసి ఇల్లు చేరేసరికి రోజు అయిపోతుంది. ఆ కుటుంబాల్లో సగం మంది పేర్లు కూడా నాకు తెలియవు. వెళ్లకపోతే ఏమనుకుంటారోనన్న జంకు ఒక్కటే నన్ను అంతదూరం తీసుకెళ్లింది.

మన దగ్గర మొహమాటానికి మర్యాద అనే పేరు పెట్టుకున్నాం. రెండూ వేరు. ఎదుటి మనిషి మీద గౌరవంతో చేసేది మర్యాద. ఎదుటి మనిషి నన్ను ఏమనుకుంటాడోనన్న భయంతో చేసేది మొహమాటం. అన్నిటికంటే బాధాకరమైన విషయం ఏమిటంటే, మొహమాటం లేని మనుషులకే, అంటే మనం రాకపోయినా కోపగించుకోని సొంతవాళ్లకే, మనం చివరి వంతు కేటాయిస్తాం. మా నాన్నగారు అలగరని నాకు తెలుసు కాబట్టే ఆయనను వాయిదా వేయగలిగాను.

వెళ్లిన ఆ ఏడు రోజులు కూడా పూర్తిగా ఆయనవి కావు. ఆయన చెప్పే మాట సగంలో ఉండగా ఫోన్ మోగేది, అసోసియేషన్ లెక్కల గురించి. జవాబు చెప్పి ఫోన్ పక్కన పెట్టినా నా మనసు ఆ లెక్కల దగ్గరే ఉండేది. ఒక పని ముగియకుండా ఇంకో పనికి మారితే మన ధ్యాసలో కొంత పాత పనికే అంటుకుని ఉండిపోతుందనీ, దానివల్ల కొత్త పని దెబ్బతింటుందనీ సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. ఆమె రాసింది ఆఫీసు పనుల గురించి. కన్నవాళ్ల ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా అది అంతే నిజమని నా అనుభవం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. పనులు తగ్గించుకోవడం తీరిక ఉన్నవాళ్లకు కుదిరే మాట. మా ఇంట్లో పనిచేసే ఆవిడ రోజుకు అయిదిళ్లు చేస్తుంది. వాటిలో దేన్నీ వదులుకోమని ఆమెకు చెప్పే అర్హత ఎవరికీ లేదు. నేను రాస్తున్నది ఎంచుకునే వీలుండి కూడా ఎంచుకోని నాలాంటివాళ్ల కోసం. వీలున్న మనం కూడా ఎంచుకోకపోతే ఆ నష్టం మన దగ్గర ఆగదు. ఆవిడ కూతురు పదో తరగతి చదువుతోంది. శనివారం సాయంత్రాలు లెక్కలు చెప్తానని జూన్‌లో మాట ఇచ్చి, దసరా నాటికి నాలుగు వారాలు కూడా కూర్చోలేదు. వర్గ సమీకరణాల్లో కారణాంకాలు విడదీయడం ఆ పిల్లకు అర్థమయ్యే దశలో నేను కాలేజీ కలయిక పనిమీద తిరిగాను. నవంబర్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నోట్‌బుక్‌లో అదే లెక్క దగ్గర పెన్సిల్ గుర్తు అలాగే ఉంది. పబ్లిక్ పరీక్షలు ఎంతో దూరంలో లేవు.

అందువల్ల వచ్చే ఏడాదికి నేను ఉంచుకున్నవి మూడే: ఉద్యోగం, ఆదివారం నాన్నగారు, శనివారం ఆ అమ్మాయి లెక్కలు. చావు, జబ్బు వంటి కష్టం వస్తే ఎవరింటికైనా వెళ్తాను, అందులో మార్పు లేదు. వేడుకలకు మాత్రం మా దగ్గరి బంధువులవి తప్ప మిగతావాటికి ఫోన్‌లోనే శుభాకాంక్షలు చెప్తాను. కొందరికి కోపం వస్తుంది. ఇద్దరికి ఇప్పటికే వచ్చింది.

వీటన్నిటిలో నాకు నిజంగా కష్టంగా ఉన్నది వీణ. రెండేళ్లుగా నేర్చుకుంటున్నాను, సాధన లేక గీతాల దగ్గరే ఆగిపోయాను. వారానికి ఒక గంట పాఠానికి వెళ్లి, మిగతా ఆరు రోజులూ వీణ ముట్టకుండా ఉండటం ఆ విద్యకూ, నేర్పే గురువుగారికీ చేసే అన్యాయం. గురువారం ఆవిడతో ఆ మాట చెప్పేశాను. "ఎప్పుడు కుదిరితే అప్పుడు రామ్మా" అన్నారు. బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను. ఇష్టంలేనివి వదిలించుకోవడం ఒక ఎత్తు, ఇష్టమైనదాన్ని పక్కన పెట్టడం ఒక ఎత్తు. అయినా పరీక్షలు అయ్యేదాకా ఆ పిల్లకు శనివారం కావాలి, ఆదివారం నాన్నగారిది.

అసోసియేషన్ అధ్యక్షుడు నిన్న ఇంటికి వచ్చి, "మేడమ్, మీరు తప్ప ఎవరూ సరిగ్గా చూడలేరు, ఇంకొక్క ఏడాది" అన్నారు. గతంలో ఈ మాటకే రెండుసార్లు లొంగాను. మా దాంట్లో అరవై ఫ్లాట్లున్నాయి, లెక్కలు తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను తప్పుకుంటే గానీ వాళ్లలో ఒకరు ముందుకు రారు. కుదరదని చెప్పి ఆయనకు కాఫీ ఇచ్చి పంపాను. డిసెంబర్ 31 సాయంత్రం లెక్కల పుస్తకం, రసీదు పుస్తకాలు, బీరువా తాళం అప్పగిస్తున్నాను.