మహారాజశ్రీ ప్రైవేట్ సెషన్ గారి సముఖమునకు

విశాఖపట్నం నుంచి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మాకు విలువలున్నాయి, పాటలూ ఉన్నాయి. ఒకే ఫోన్లో కాపురముంటున్న ఈ రెండూ ఎదురుపడకుండా చూస్తున్నది తమరే కాబట్టి ఈ ఉత్తరం.

తమ చిరునామా చాలామందికి తెలీదు. పాటల యాప్ స్పాటిఫైలో సెట్టింగ్స్‌లోకెళ్లి, ప్రైవసీ తెరిస్తే తమ మీట కనిపిస్తుంది. అది నొక్కితే మనం ఏం వింటున్నామో ఫాలో అయ్యేవాళ్లకి తెలీదు. ఆర్కే బీచ్‌లో మహిళా దినోత్సవం నడకకెళ్లి, ప్లకార్డు పట్టుకుని ఫొటో దిగి, తిరుగుదారిలో సిరిపురం చేరేలోపు ‘వద్దు మొర్రో’ అంటున్న పిల్ల వెనక హీరో బైకేసుకు తిరిగే పాట వినాలంటే తమ అండ ఉండాల్సిందే. అదే పని జగదాంబ జంక్షన్‌లో ఎవడైనా చేస్తే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. పాటలో చేస్తే పల్లవి. బీటు బావుంటే సెక్షన్లెవరికి గుర్తుంటాయి!

ఈ అవస్థ కొత్తదేం కాదు లెండి. 1893లో మద్రాసు సంస్కర్తలు, భోగం మేళాలకి వెళ్లొద్దని వైస్రాయికి అర్జీ పెట్టారు. తాను చూసినంతలో అసభ్యమేమీ కనపడలేదని ఆయన జవాబు. అప్పటికి తమరు లేరు పాపం, వెళ్లినవాళ్లు నలుగురికీ కనపడే వెళ్లేవారు.

అయితే తమ పరదా మరీ పల్చన. కారు బ్లూటూత్ దగ్గర తమ మాట చెల్లదు. జత కట్టిన ఫోన్ అందగానే చాలా కార్లు అడక్కుండానే ప్లే కొట్టేస్తాయి, అదీ రాత్రి ఆగిన చోటు నుంచే. పాట పేరూ సినిమా పేరూ డాష్‌బోర్డు తెర మీదికొచ్చేస్తాయి. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే వెనకసీట్లోంచి అమ్మమ్మ ‘ఏట్రా ఆ పాట’ అంటే తమరేం చేయగలరు? కారెక్కకముందే ఫోన్లో బ్లూటూత్ కట్టెయ్యడమే తేలిక విరుగుడు. పైగా చాలాసేపు ఏమీ వినకపోతే తమరు చెప్పాపెట్టకుండా దిగిపోతారు. మర్నాడు మళ్లీ నొక్కడం మర్చిపోయినవాడి గతి వాడిది.

అసలు గుట్టు డబ్బు దగ్గరుంది. పాట 30 సెకన్లు నడిస్తే ఒక స్ట్రీమ్, అంటే చెల్లింపు లెక్కలోకొచ్చే ఒక వినికిడి. తమ చాటున విన్నా స్ట్రీమే. డౌన్‌లోడ్ చేసుకుని, సిగ్నల్ లేని అరకు రైలు సొరంగాల్లో విన్నా సరే, నెట్ తగలగానే ఫోన్ లెక్కంతా అప్పజెప్పేస్తుంది. అంటే తమరు మన పరువు దాస్తారు, చెల్లింపు మాత్రం ఆపరు. ఆ చెల్లింపూ తిన్నగా పోదు. చందాలన్నీ ఒకే ఖాతాలో పడతాయి, మొత్తం స్ట్రీముల్లో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. మనకి గిట్టనివాడి పాట మనం ముట్టకపోయినా పక్కింటివాళ్లు వింటే చాలు, మన రూపాయిలో పిసరంత వాడికి చేరుతుంది.

పోనీ బ్లాక్ చేద్దామా అంటే, ఫలానా ఆర్టిస్టుని వినిపించొద్దనే మీట 2019 నుంచీ ఉంది. చిక్కల్లా తెలుగు పాట దగ్గరే. పాట కింద కనిపించేవి చాలాసార్లు గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు. మనకి అభ్యంతరమైన మాటలు రాసినాయన ఎక్కడో క్రెడిట్స్‌లో ఉంటాడు, ఆయన్ని బ్లాక్ చేసే దారి లేదు. చేతికిచ్చిన కాగితం చూసి పాడిన అమ్మాయి మాత్రం బ్లాకైపోతుంది. రాయల్టీలో రచయిత వాటాని నిర్మాత రాయించేసుకోకుండా 2012 కాపీరైట్ సవరణ కాపాడింది. మంచి చట్టమే, కాకపోతే మంచి పాటకీ వెకిలి పాటకీ ఒకేలా కాపాడుతుంది.

తమ యజమాని స్పాటిఫై నీతి సంగతీ చూశాం. 2018 మేలో కళాకారుల ప్రవర్తన మీద ఒక నియమం పెట్టి, లైంగిక వేధింపుల ఆరోపణలున్న అమెరికా గాయకుడు ఆర్. కెల్లీ పాటల్ని సొంత ప్లేలిస్టుల్లోంచి తీసేశారు, వెతికితే మాత్రం దొరికేవి. జూన్ ఒకటికల్లా ఆ నియమాన్నే వెనక్కి తీసుకున్నారు. 2022లో న్యూయార్క్ కోర్టు కెల్లీకి 30 ఏళ్ల శిక్ష వేసింది. నియమం నిలిచింది నెలలోపు.

కనుక తమకో విన్నపం. 29వ సెకనులో పాట దానంతటదే ఆగిపోయే మీటొకటి తమ పక్కనే పెట్టించండి. మొదట్నుంచీ వింటే లాభం లేదు, కోరస్సూ డప్పులూ దాటి పల్లవి అందుకునేసరికే అరనిమిషం అయిపోతుంది. తెర మీద పాట నడిచే గీతని వేలితో జరిపి పల్లవి దగ్గరే మొదలెట్టాలి. అప్పుడు ఎవరికీ పైసా ముట్టదు, సిద్ధాంతం చెడదు, కాలూ ఊగుతుంది. పాట ఆగగానే మళ్లీ ప్లే మీదికి పోయే వేలిని ఆపే ఏర్పాటు కూడా తమరే చూడాలి.

ఇట్లు,
ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకునే విశాఖవాసులు