విధిగా స్వచ్ఛందం!

'ఆదివారం ప్రత్యేక తరగతులకు ఉపాధ్యాయులందరూ స్వచ్ఛందంగా హాజరు కావలెను. హాజరు కానివారు లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను.' ఈ ధోరణి సర్క్యులర్లు బడుల్లో మామూలైపోయాయి. రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద! సంజాయిషీ అడిగాక అది స్వచ్ఛందం ఎలా అవుతుంది? పని కావాలి, పని చెప్పిన బాధ్యత మాత్రం వద్దు. అందుకే ఈ ముసుగు.

జాబ్ చార్టులో, అంటే విధుల జాబితాలో లేనిది, జీతభత్యాలతో నేరుగా ముడిపడనిది, అయినా సంస్థకు మేలు చేసేది స్వచ్ఛంద ప్రవర్తన అని ఉద్యోగుల ప్రవర్తనపై పరిశోధించిన డెన్నిస్ ఆర్గన్ 1988లో నిర్వచించారు. బడిలో అది ఎక్కడ కనిపిస్తుంది? లాంగ్‌బెల్ కొట్టాక కూడికల దగ్గరే ఆగిపోయిన నలుగురు పిల్లలతో గడిపే అరగంటలో. కొత్తగా చేరిన టీచరు పక్కన కూర్చుని యూనిట్ ప్లాన్ రాయించడంలో. సెలవు కావాలంటే ముందురోజే చెప్పి, ఏ పాఠం ఎక్కడిదాకా వచ్చిందో చీటీ రాసిపెట్టి వెళ్లడంలో. వీటిలో ఏ ఒక్కటీ మెమోతో పుట్టదు. మెమోతో చావడం మాత్రం ఖాయం.

గంటలు లెక్కపెట్టుకుంటే బడి నడవదని, తమకూ పైనుంచి ఒత్తిళ్లున్నాయని ప్రిన్సిపాళ్లు అంటారు. నిజమే కావచ్చు. కానీ పైవారి ఒత్తిడిని కిందికి తోసి, దానికి సేవాభావం అని పేరుపెట్టడం నాయకత్వం కాదు.

మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగాలు 1939లోనే అచ్చయ్యాయి. నిరంకుశ నాయకుడు గదిలో ఉన్నంతసేపూ పని సాగింది, ఆయన బయటికి వెళ్లగానే చతికిలపడింది. అందరితో చర్చించి నడిపించిన గుంపులో నాయకుడు లేకున్నా పని ఆగలేదు. ఉపాధ్యాయుడు రోజంతా ఉండేది ప్రిన్సిపాల్ కంటికి ఆనని తరగతి గదిలోనే కదా! నాయకుడి తీరుకూ, అదనంగా చేసే పనికీ మధ్య వంతెన నమ్మకమేనని 1990లో పాడ్సకాఫ్ పరిశోధక బృందం తేల్చింది. ఆ నమ్మకం పైనే ఇప్పుడు మెమోల దెబ్బ పడుతోంది.

సెలవు పెట్టినవారి పీరియడ్లు ఎవరికి వేశారో రాసే సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ తెరిచి చూస్తే చాలు, ప్రిన్సిపాల్ తీరు తెలిసిపోతుంది. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్లు అవే మూడు నాలుగు పేర్ల మీద పడుతుంటాయి. ఎదురు చెప్పరని. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి! ఒక టీచరుకు ఐదు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది అనుకుంటే దిద్దాల్సినవి 200 నోటు పుస్తకాలు. ఒక్కోదానికి 2 నిమిషాలు చొప్పున దిద్దినా 6 గంటల 40 నిమిషాలు. సబ్‌స్టిట్యూషన్‌తో లీజర్ (ఖాళీ) పీరియడ్లు పోతే ఆ కట్టలు ఇంటికి మోసుకెళ్లాల్సిందే. కొన్నాళ్లకు తప్పొప్పులు దిద్దడం పోయి, పేజీకో టిక్కు, చివరన సంతకం మిగులుతాయి. ముందురోజు చెప్పే సెలవు పొద్దున ఫోన్ కాల్ అవుతుంది. పాఠం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ఆ చీటీ కూడా ఉండదు. హాజరు పట్టీలో మాత్రం అంతా సవ్యమే.

దేనిలోనూ తలదూర్చని ప్రిన్సిపాల్ మేలనుకోవద్దు. అక్కడా బరువు పడేది ఆ మెత్తనివారి మీదే. ఇక 'మనమంతా ఒకే కుటుంబం' అంటూ నవ్వుతూ అడిగేవారితో చిక్కు మరీ ఎక్కువ. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ 'చేస్తారుగా?' అంటే కాదనగలిగేదెవరు? ఇలా మొహమాటపెట్టి రాబట్టే సేవను 2006లో పరిశోధకుడు విగోడా-గాడోట్ 'నిర్బంధ' ప్రవర్తనగానే లెక్కగట్టారు. మన భాషలో దానికి అంతకన్నా పాత మాటే ఉంది: వెట్టి.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. పని తప్పనిసరైతే విధి అని రాయండి, బదులు సెలవు ఇవ్వండి. ఇష్టపూర్వకమైతే స్టాఫ్ రూంలో ఖాళీ కాగితం పెట్టి, వచ్చేవారినే పేరు రాయమనండి. రానివారి కోసం గడి గీయొద్దు. ఆ కాగితాన్ని వార్షిక పనితీరు నివేదిక ఛాయలకు రానీయొద్దు. సబ్‌స్టిట్యూషన్ వంతులవారీగా వేసి అందరికీ కనిపించేలా గోడకు అంటించండి, మొదటి వంతు ప్రిన్సిపాలే తీసుకోవాలి. మెచ్చుకోవాలంటే 'అందరూ బాగా చేశారు' అనడం దండగ. ఎవరు, ఏ పిల్లలకు, ఏం చేశారో తెలుసుకుని చెప్పండి. తెలియకపోతే ముందు తెలుసుకోండి.

ఈసారి సర్క్యులర్ మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి చదవండి. సంజాయిషీ వాక్యమైనా కొట్టేయండి, 'స్వచ్ఛందంగా' అన్న మాటైనా కొట్టేయండి. రెండూ ఉంచి పిల్లలకు నిజాయతీ పాఠం చెప్పమని టీచర్లను పంపడానికి మీకు సిగ్గుండాలి.