పెరటి చెరువు, దాని ఆయకట్టు

కంభం చెరువు కట్టించిన విజయనగర ప్రభువులకు కొండల మధ్య గుండ్లకమ్మ నది దొరికింది. నెల్లూరులో నాకు దొరికింది ఇంటి వెనక ముక్కాలు సెంటు జాగా, ఒక బోరు. అయినా వెనక్కి తగ్గలేదు. పొడవు 8 అడుగులు, వెడల్పు 6, లోతు 2. పెద్ద చెరువుకుండే హంగులన్నీ దీనికీ ఉండాలని పట్టుబట్టాను. కట్ట, తూము, ఎక్కువైన నీళ్ళు పోవడానికి కలుజు. ఆయకట్టు ఒక కరివేపాకు చెట్టు, రెండు వంగ మొక్కలు. చివరి వంగ మొక్కకు నీళ్ళందడం లేదని మా ఆవిడ ఫిర్యాదు. పరిశీలిస్తున్నాం.

చెరువు సహజంగా కనిపించాలి. సహజత్వం ఊరికే రాదు, ప్లాస్టిక్ కావాలి. అడుగున పరిచే షీటుకు ఒక లెక్కుంది. పొడవుకు లోతు రెండింతలు కలిపి, అంచులకు అటొక అడుగు, ఇటొక అడుగు వేసుకోవాలి. వెడల్పుకూ అంతే. నాకు 14 అడుగులకు 12 తేలింది. రొయ్యల గుంటల పుణ్యమా అని మనవైపు ఈ షీటుకు కరువు లేదు. షాపతను "ఎన్నెకరాలు సార్?" అన్నాడు. అడుగుల్లో చెప్పేసరికి లోపలికెళ్ళి ఎక్కడో మిగిలిన ముక్క తెచ్చిచ్చాడు.

తర్వాత రాళ్ళు. మేస్త్రి పనిమంతుడు. ఒకే సైజు రాళ్ళు ఏరి, దారం పట్టి, అంచు చుట్టూ వరసగా పేర్చి సిమెంటు పూశాడు. బావి గట్టులా ముచ్చటగా ఉంది. పీకించాను. పెద్దవీ చిన్నవీ కలిపి, సగం మట్టిలో పూడ్చి, వంకరగా పెట్టమన్నాను. "వంకరగా పెట్టేదానికి మేస్త్రి ఎందుకు సార్?" అన్నాడు. వంకరకు రెండు రోజుల కూలి ఎక్కువైంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మ చాలాసేపు చూసింది. "చెరువు కింద మడి అమ్మి ఈ ఇల్లు కొంటివి. ఇప్పుడు ఇంట్లో చెరువు తవ్వతా ఉండావా అబ్బయ్యా?" అంది. ఆ మడికి నీళ్ళు రావడం ఎప్పుడో మానేశాయి, ఆ చెరువు కాలవ మీద ఎవరో ప్రహరీ లేపారు. అది ఇక్కడ అప్రస్తుతం. నా చెరువులో మాత్రం ఆక్రమణలు సహించను. కలువ దుంపతో పాటు దొంగతనంగా వచ్చిన గుర్రపుడెక్కను వారం వారం పీకేస్తున్నాను.

పది రోజులకు నీళ్ళు పాలకూర పప్పు రంగుకు తిరిగాయి. అందరూ నీళ్ళు మార్చమన్నారు. మార్చకూడదు, కొత్త నీళ్ళతో నాచు మళ్ళీ మొదటికొస్తుంది. కలువాకులు సగం నీటిని కప్పేదాకా ఓపిక పట్టాలి. కప్పలు మాత్రం ఓపిక పట్టలేదు, పిలవకుండానే వచ్చాయి. ఇది ప్లాస్టిక్ చెరువని వాటికెవరూ చెప్పినట్టు లేదు. నవంబరులో మొదటి వాయుగుండానికే కలుజు పారింది, పక్కింటి వాకిట్లోకి. దిగువ రాష్ట్రంతో చర్చలు జరుగుతున్నాయి.

మొన్న శుక్రవారం, నిలవ నీళ్ళు పారబోయించే డ్రై డే కదా, ఆరోగ్య కార్యకర్త పుస్తకం పట్టుకొని వచ్చింది. నిలవ నీటిలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు, అందుకే వారానికొక తనిఖీ. గంబూసియా చేపలు వేశానని, అవి దోమ పిల్లల్ని తినేస్తాయని వివరించాను. రాళ్ళు చూపించాను. కలుజు చూపించాను. ఆమె పుస్తకంలో కుండలు, టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలర్లు అని గళ్ళున్నాయి.

"చెరువు అని రాయమ్మా" అన్నాను.

"చెరువులు మావి కాదు సార్, ఇరిగేషనోళ్ళు రావాల" అని కాసేపు ఆలోచించి, ఏదో రాసుకుంది. తొంగి చూశాను.

నీళ్ళ తొట్టి – 1.