జగన్నాథపురం పండుగ ఎవరి పేరిట?

కాకినాడ జగన్నాథపురానికి వార్షికోత్సవం చేయాలంటే ముందు తేలాల్సింది తేదీ. చరిత్రలో సులువుగా దొరికేవి డచ్చివారి తేదీలే. 1734లో వాళ్లు ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. 1824 నాటి లండన్ ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది దాన్ని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. మొదటి లెక్కన 2034కి మూడు వందల ఏళ్లు నిండుతాయి. ఈ పేటకు పండుగ జరగాలన్న కోరిక నాకూ గట్టిగానే ఉంది. కానీ డచ్చివారి వర్తక కంపెనీ వచ్చిన రోజును పేట పుట్టినరోజు చేయడం నాకు సమ్మతం కాదు.

డచ్చివారికి కావలసింది బట్ట. గోదావరి పల్లెల మగ్గాల మీద నేసిన ఆ బట్ట కోసమే అంతకు వందేళ్ల ముందు నుంచీ పాలకొల్లులో, ద్రాక్షారామంలో కొఠీలు, అంటే వర్తక స్థావరాలు, నడిపారు. నేసిన చేతులు ఇక్కడివి, మోసిన పడవలు ఇక్కడివి. వాళ్ల సమాధుల మీద పేర్లు చెక్కి ఉన్నాయి, మన నేతగాళ్లలో ఒక్కరి పేరూ మనకు చేరలేదు.

కాకినాడ రేవుకు అసలు ఊపు వచ్చింది 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే. ఒకప్పటి పెద్ద రేవు కోరంగి 1839 తుపానుకు చితికిపోయి, మేట వేసి వెనకబడింది. డెల్టా ధాన్యం కాలువల మీద కాకినాడ వైపు కదిలింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు దూది కరువైతే ఇక్కడి నుంచి పత్తి ఎగుమతి పెరిగింది. తీరంలో లోతు చాలదు కాబట్టి ఓడలు దూరంగా లంగరు వేసేవి. ప్రతి బస్తా పేట పక్కనున్న ఉప్పునీటి పాయ ఉప్పుటేరు మీదుగా నావల్లో వెళ్లాల్సిందే. అంటే రేవు బతికింది పడవలు నడిపే సరంగుల మీద, ఖలాసీల మీద, బస్తాలు మోసిన కూలీల మీద.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించే మనిషి మల్లాడి సత్యలింగ నాయకర్. పొట్ట చేతపట్టుకుని రంగూన్ వెళ్లి, సంపాదించి, ఆ ఆస్తిని వీలునామాతో ధర్మానికి రాసిచ్చారు. ఎం.ఎస్.ఎన్. చారిటీస్ పేరిట జగన్నాథపురంలో ఎన్ని తరాల పిల్లలు చదువుకున్నారో! ఆయన ఒక్కరే కాదు, ఈ తీరం నుంచి బర్మా వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు అలాంటి కుటుంబాలెన్నో కట్టుబట్టలతో తిరిగొచ్చాయి. ఆ కథలు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి, చెప్పగలిగేవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకే ఏ కంపెనీ తేదీతోనూ పని లేకుండా, పుష్యమాసంలో చొల్లంగి అమావాస్య వారాన్ని పేట పండుగగా చేసుకోవాలంటాను. సముద్రస్నానానికి కాకినాడ జనం ఎలాగూ ఈ పేట మీదుగానే చొల్లంగి వెళతారు. ఊరేగింపు, అన్నదానం ఎవరూ చెప్పనక్కర్లేదు, వాటంతటవే జరిగిపోతాయి. కష్టమైన పని వేరే ఉంది. పాత గిడ్డంగుల్లో, మిద్దెల్లో ఏవి మిగిలాయో జాబితా రాయాలి, కూల్చే ముందు ఫొటోలైనా తీసి పెట్టాలి. రంగూన్ ఉత్తరాలు, పడవ లైసెన్సులు, కూలీల సంఘాల చందా పుస్తకాలు ఇళ్ల నుంచి సేకరించి కాలేజీ లైబ్రరీలో అందరికీ అందుబాటులో ఉంచాలి. నగరపాలక సంస్థ డబ్బు పెట్టదలిస్తే స్వాగత ద్వారాలకు కాదు, ముందు ఉప్పుటేరులోకి మురుగు రాకుండా చూడడానికి పెట్టాలి. పడవల వాళ్లు ఇప్పటికీ ఆ నీటి మీదే బతుకుతున్నారు.