నవ్యాంధ్ర అన్నాం, కొత్తాంధ్ర అనలేదేం?

గుంటూరు మిర్చి యార్డులో ధర మాట్లాడాలంటే ముందు తేలాల్సింది ఒకటి: కొత్త కాయా, ఏసీ కాయా? ఏసీ అంటే నిరుడు పండి, కోల్డ్ స్టోరేజీలో ఉండి వచ్చిన సరుకు. కొత్త కాయ కదా అని ఎవరూ కళ్లు మూసుకుని కొనరు. గుప్పెట్లోకి తీసుకుని రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు ఏరి చూస్తారు. బియ్యం కొట్టుకి వెళ్తే మరీ విడ్డూరం. "కొత్తవి వద్దండీ, అన్నం ముద్దవుతుంది" అని పాత బియ్యానికే ఎక్కువ డబ్బిచ్చి తెచ్చుకుంటాం. అదే ఇంట్లో కొత్తావకాయ జాడీ తీస్తే మాత్రం పాతదాని వంక చూసేవాళ్లుండరు.

తమిళుల 'పుదు', కన్నడిగుల 'హొస' ఒక కుదురువే. హొస పాతరూపం 'పొస'. మన 'కొత్త' ఆ వరసలోది కాదు. దీని పాతరూపం 'క్రొత్త'. సమాసంలో ఒక్కోచోట దీనికి మొదటి అక్షరమే మిగులుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం రాశారు. క్రొన్నన, క్రొవ్విరి, క్రొందళిరు అలా వచ్చినవే. మొగ్గ, పువ్వు, చిగురు! కావ్యాల్లో కొత్తంటే లేతదనమేనని నాకనిపిస్తుంది.

వాడుకలోకి వచ్చేసరికి ఆ లేతదనానికి బెరుకు తోడైంది. చంకనెక్కని పిల్ల ఏడిస్తే "కొత్త కదా" అంటాం. ఊరికి కొత్త, పనికి కొత్త. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. 'కొత్తొక వింత, పాతొక రోత' అన్న సామెత కూడా మెచ్చుకోలేం కాదు, వెక్కిరింతే.

అందుకేనేమో, గొప్పగా చెప్పుకోవాల్సి వస్తే సంస్కృతం వైపు వెళ్తాం. నవ, ఇంగ్లీషు న్యూ, నౌరోజ్‌లోని పారశీక 'నౌ' అన్నీ ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలు. షాపు బోర్డు మీద 'న్యూ' రాయించినా, 2014 విభజన తర్వాత 'నవ్యాంధ్ర' అన్నా మనసులో ఉన్నది ఒకటే: కొత్త అంటే చాలదని. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది 'నూతన' రాజధానికి. బస్సులో పక్క సీటాయన మాట్లాడేది మాత్రం 'కొత్త' రాజధాని గురించే. ఆ మాటలో ఆశ ఎంతుందో "చూద్దాం" అన్న ధోరణీ అంతే ఉంటుంది.

బెజవాడలో ఆటో ఎక్కి గవర్నమెంట్ ఆసుపత్రి అంటే డ్రైవరు వెంటనే అడుగుతాడు, "కొత్తదా, పాతదా?" అని. ఆ కొత్తది నేనెరిగినప్పటి నుంచీ కొత్తదే.